తెలిసిన కళ్ల ముందు

చిత్రకారుడికి తన బొమ్మను తన ఊళ్లోనే చూపించడం కన్నా కష్టమైన పని లేదనిపిస్తుంది నాకు. ఎక్కడో మహానగరంలో చల్లటి గ్యాలరీ గోడకు తగిలిస్తే చూసేవాళ్లకు కృష్ణ ఒండ్రు ఏ రంగో తెలియదు, వరద తగ్గాక లంకల్లో మట్టి ఎలా పగులుతుందో తెలియదు. బాగుందంటారు, పక్క బొమ్మ దగ్గరికి వెళ్లిపోతారు. ఇక్కడ అలా కుదరదు. పడవ బొమ్మ వేస్తే ఆ రేవులో పడవెక్కినవాళ్లే చూస్తారు. వరినాట్ల బొమ్మ వేస్తే నాట్లు వేసి నడుం నొప్పి పుట్టినవాళ్లే వచ్చి ఎదురుగా నిలబడతారు. వంగిన ఒడుపు ఏ కొంచెం తేడా వచ్చినా "నాటేసేటప్పుడు కాళ్లు అలా ఉండవు నాయనా" అని మొహం మీదే చెబుతారు.

అయినా ఊళ్లో ఆర్టిస్టు అనగానే మనకెందుకో చిన్నచూపు. చిన్నచూపు కాకపోతే జాలి. మనవాడు కదా అని వెళ్తాం, మనవాడు కదా అని మెచ్చుకుంటాం, మనవాడే కదా అని మర్చిపోతాం. పెద్ద పరీక్షలన్నీ ఢిల్లీలోనో ముంబయిలోనో జరుగుతాయనీ, ఊళ్లో ప్రదర్శన అంటే అక్కడికి వెళ్లేలోపు చేసుకునే సాధన లాంటిదనీ మన లెక్క. ఈ లెక్క తిరగబడి ఉందని నా నమ్మకం. వస్తువు తెలిసినవాడి ముందు నిలబడటమే పెద్ద పరీక్ష. ఆ పరీక్ష మన ఊళ్లోనే పెట్టగలం. ఇంకెక్కడా పెట్టలేం.

ఇది నాకు బాగా బోధపడింది విజయవాడ ఆటోనగర్ వల్ల. బందరు రోడ్డుకూ కోల్‌కతా హైవేకూ మధ్య పరుచుకున్న జవహర్ ఆటోనగర్ బొమ్మలు చూడ్డానికి వెళ్లే చోటు కాదు. ఊళ్లో చెట్టుకొకటిగా, రోడ్ల పక్కన చెల్లాచెదురుగా ఉన్న మెకానిక్ షెడ్లకు 1960ల్లో ఒక చోటు దొరికి, అదే ఒక పేట అయింది. లేత్ మిషన్లు, టింకరింగ్ షెడ్లు, కమాను కట్టలు సాగగొట్టేవాళ్లు, రేడియేటర్లు అతికేవాళ్లు, బాడీ బిల్డింగ్ యూనిట్లు, పాత సామాన్ల కాటాలు. ఒట్టి ఛాసిస్‌గా లోపలికొచ్చిన బండి కొన్నాళ్లకు లారీ అయి బయటికి వెళ్తుంది. ఆసియాలో ఇంత పెద్ద ఆటోమొబైల్ పేట ఇంకోటి లేదని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వంలో పెయింటర్ల వాటా ఎంతో ఎవరూ విడిగా చెప్పరు.

లారీ పెయింటర్ పని దగ్గర నిలబడి చూస్తే ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది. పుట్టీ పట్టి, ఎమెరీ కాగితంతో తోమి, ప్రైమర్ కొట్టిన రేకు మీద ముందు సుద్ద రాసిన దారం బిగించి పట్టుకుని ఒక్కసారి లాగి వదులుతాడు. టప్‌మని తెల్లటి గీత పడుతుంది. దాని మీద అక్షరాలు లేస్తాయి. ఎడమ చేత్తో ఒక పుల్లను రేకుకు ఆనించి, ఆ పుల్ల మీద కుడి మణికట్టు పెట్టి, కుంచెను ఎక్కడా ఎత్తకుండా సున్నా చుడతాడు. ఎనామెల్ రంగు జారకముందే ఆ సున్నా పూర్తవ్వాలి. జారిందా, తుడిచి మళ్లీ మొదలు. నుదుటి బోర్డు మీద దేవుడి పేరు, తలుపు మీద తామర పువ్వు, వెనక రేకు మీద నెమలి, బంపరు దగ్గర దిష్టిబొమ్మ. చీకటి పడేలోపు రంగు ఆరితే రేపు పొద్దున్నే బండి నాగపూర్‌కో గౌహతికో లోడెత్తుకుంటుంది. అతని బొమ్మ దేశమంతా తిరుగుతుంది. అతనికి మాత్రం అది మళ్లీ కనబడుతుందో లేదో తెలియదు. చూసినవాళ్లెవరూ అతని పేరు అడగరు. కంప్యూటర్‌లో కోసిన రేడియం స్టిక్కర్లు వచ్చాక ఆ పని సగానికి సగం తగ్గింది. బాడీ కట్టుకునే బండ్లను కంపెనీలే తయారుచేసి పంపుతుంటే మిగిలింది కూడా పలచబడుతోంది.

ప్రదర్శన అనేది కళను గొప్పది చేసే మంత్రమేమీ కాదు. పరుగెత్తేదాన్ని కాసేపు ఆపుతుంది, అంతే. ఆగితేనే చూడగలం. చూస్తేనే అడగగలం. ఆ అడగడంలోనే నా వాదమంతా ఉంది.

ఇక్కడి తుక్కుకు కూడా అలా ఆగే భాగ్యం దొరికింది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో శిల్పకళ బోధించే పడకండ్ల శ్రీనివాస్ ఆటోమొబైల్ తుక్కుతో శిల్పాలు చేసి ఈ చుట్టుపక్కల నగరాల్లో జనం తిరిగే చోట్ల నిలబెట్టారు. తెనాలిలో సూర్య శిల్పశాల నడిపే కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర ఇనుప నట్లతో 10 అడుగుల గాంధీని పోతపోసినట్టు అతికారు. ఆ నట్లు 75,000. మన డెల్టాలో వడ్లూ చెరకూ పండినట్టే అరిగిపోయిన గేర్లూ, తెగిపోయిన చైన్లూ కూడా దండిగా పోగవుతాయి. వాటిని కిలోల లెక్కన కొని మనిషి ఆకారానికీ గిత్త ఆకారానికీ తెచ్చే చేతులు మన మధ్యే పుట్టాయి.

ఒకసారి విద్యార్థులు పెట్టిన ప్రదర్శనలో అలాంటి గిత్త ముందు నిలబడ్డాను. ఒంగోలు గిత్త. మూపురానికి మోటారుసైకిలు ట్యాంకు, గంగడోలుకు వరసగా వేలాడదీసిన చైన్లు, కాళ్లకు కమాను పట్టీలు, గిట్టలకు గేరు చక్రాల ముక్కలు, కళ్లకు బేరింగులు. ఒంటి బరువంతా బ్రేకు డ్రమ్ముల మీద నిలిపారు. నేను మూపురం వంపు చూస్తున్నాను. నా పక్కన ఒక పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని అడుగు నుంచి చూస్తున్నాడు. చేతుల మీద వెల్డింగ్ మచ్చలు. కాసేపయ్యాక ఆ బొమ్మ చేసిన కుర్రాణ్ణి పిలిచాడు.

"అబ్బాయ్, ఈ డ్రమ్ము పోత ఇనుము. దీనికి మామూలు రాడ్డే వేశావా?"

"వేశాను బాబాయ్. పట్టుకుంది గదా."

"ఇవాళ పట్టుకుంటుంది. ఎండాకాలం రానీ, అతుకు పక్కనే సన్నగా చీరుతుంది. ముందు కాక పెట్టి, నికెల్ రాడ్డు వెయ్యాలి. వేశాక గాలికి పెట్టకూడదు. ఇసకలో కప్పి నిదానంగా చల్లారనివ్వాలి."

కుర్రాడు ఫోన్‌లో రాసుకున్నాడు. పెద్దాయన లేచి రెండడుగులు వెనక్కి వేసి, మొత్తం బొమ్మను మొదటిసారి చూసినట్టు చూశాడు. "పరిగెత్తబోతోంది గదూ ఇది? అట్టయితే ముందు కాలు లేచినప్పుడు బరువంతా వెనక కాలికి రావాలి. నీ గిత్త వెనక కాలు ఖాళీగా ఉంది" అన్నాడు.

వరసగా వచ్చిన ఆ రెండు మాటలూ నాకు చాలాకాలం పని పెట్టాయి. మొదటిది అతుకు గురించి, రెండోది ప్రాణం గురించి. మొదటిది వెల్డరు అడిగాడు. రెండోది ఎవరు అడిగినట్టు? కళా విమర్శకుడు అడగవలసిన ప్రశ్న అది. ఇనుము బరువు ఏ కాలి మీద పడుతుందో జీవితమంతా చూసుకున్నవాడు కాబట్టి, గిత్త బరువు ఏ కాలి మీద పడాలో అతనికి కనబడింది. సామాను తెలిసిన కన్ను సామాను దగ్గరే ఆగిపోదు. అక్కణ్ణుంచి ఆకారంలోకీ, ఆకారంలోంచి భావంలోకీ దానికి దారి ఉంది. మనం చదువుకున్నవాళ్లం చాలాసార్లు భావం దగ్గర మొదలుపెట్టి అక్కడే తిరుగుతుంటాం. అతుకు దాకా దిగం.

తెలుగువాళ్లకు ఇదేమీ కొత్త కాదు. మన దగ్గర అవధానం ఉంది. అవధాని ఎంత గొప్పవాడైనా పృచ్ఛకుడు లేకపోతే అవధానమే లేదు. దత్తపది ఇచ్చేవాడు, నిషిద్ధాక్షరి చెప్పేవాడు, అప్రస్తుత ప్రసంగం చేసేవాడు ఎదురుగా కూర్చుని ఇబ్బంది పెడితేనే పద్యం పదునెక్కుతుంది. తిరుపతి వెంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూల్లో తెలుగు చెప్పారు. ఆ జంటకవులు సభలు గెలిచింది చప్పట్లు కొట్టేవాళ్ల ముందు కాదు, ప్రశ్నలు వేసేవాళ్ల ముందు. పద్యానికి ఇంత గట్టి సభ ఏర్పాటు చేసుకున్నవాళ్లం బొమ్మకు మాత్రం శాలువా కప్పి ఊరుకుంటున్నాం. చిత్రకళకూ పృచ్ఛకులు కావాలి. ఆటోనగర్ నిండా ఉన్నది వాళ్లే.

ప్రశ్న వేసేవాళ్ల ముందు పెట్టిన బొమ్మ ఎలా మారుతుందో చెప్పే పెద్ద కథ బెజవాడ చరిత్రలోనే ఉంది. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు ఇక్కడ జరిగినప్పుడు, బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య తాను రూపొందించిన జెండా నమూనాను గాంధీజీకి చూపించారు. ఎరుపు, ఆకుపచ్చ రంగులు ఉన్నాయి. రాట్నం ఉండాలన్న ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. మిగిలిన మతాలవాళ్ల కోసం తెలుపు కూడా చేర్చమన్నారు గాంధీజీ. చేర్చారు. గీసినవాడి చెయ్యి ఒకటి, చూసినవాళ్ల మాటలు రెండు, మూడూ కలిసి జెండా అయింది. చూపించకుండా పెట్టెలో దాచుకుని ఉంటే అది రెండు రంగుల గుడ్డగానే మిగిలేది. బందరు రోడ్డు మీద ఇప్పుడు బాపు మ్యూజియం అని పిలుస్తున్న పాత విక్టోరియా జూబ్లీ భవనం ఆ రోజుల్ని తలచుకుంటూనే ఉంటుంది. దానికి 1887లో పునాది పడింది పారిశ్రామిక వస్తు ప్రదర్శన కోసం. అంటే, చేసిన వస్తువును నలుగురి ముందు పెట్టడమనే పనికి ఈ ఊళ్లో నూటముప్పై ఏళ్లకు పైబడిన ఇల్లు ఉంది.

ఊరు చూస్తే ఊరు దాచుకుంటుంది కూడా. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు కథ అదే చెబుతుంది. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలోని సత్తువ పసిగట్టి బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లే దారి చూపాడు. చదువయ్యాక బొంబాయిలోనే ఉండిపోకుండా రామారావు గోదావరి ఒడ్డుకు తిరిగొచ్చి, సొంత ఊళ్లో చిత్రకళాశాల పెట్టి కుర్రాళ్లకు నేర్పాడు. 1925లో మశూచి ఆయన్ను తీసుకుపోయేనాటికి నిండా ఇరవై ఎనిమిదేళ్లు లేవు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కళాశాలను నిలబెట్టారు. ఇవాళ రామారావు బొమ్మలు చూడాలంటే ఏ లండన్‌కో వెళ్లనక్కరలేదు, రాజమండ్రిలో ఆయన పేరున్న గ్యాలరీకి వెళ్తే చాలు. బొమ్మలు అక్కడ మిగలడానికి కారణం వాటి గొప్పతనం ఒక్కటే కాదు. ఎవరి చెయ్యి, ఎవరి గోదావరి అన్నది తెలిసిన మనుషులు అక్కడ ఉన్నారు.

మన వైపు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల అలాంటి పనే చేసింది. కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు కలిసి నిలబెట్టిన ఆ బడిలో పుస్తకం చదువుతో పాటు చేతిపనులూ ఉండేవి. బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీ వచ్చి చిత్రకళ నేర్పారు. ఆయన దగ్గర నేర్చుకున్న అడివి బాపిరాజు తరవాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. మగ్గమూ వడ్రంగమూ బొమ్మలూ ఒకే ఆవరణలో ఉన్న ఆ చదువు గుర్తొచ్చినప్పుడల్లా, చేతిపనినీ చిత్రకళనూ వేరుచేసిన గోడ మనం తరవాత కట్టుకున్నదేనని నాకు తెలిసొస్తుంది.

ఆ గోడ ఎంత అబద్ధమో పెడన వెళ్తే తేలిపోతుంది. కలంకారీ బట్ట మీద మెరిసే ఆ నలుపు ఎక్కణ్ణుంచి వస్తుందనుకుంటున్నారు? తుప్పు పట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. కరక్కాయ, గేదె పాలు పట్టించి ఆరబెట్టిన బట్ట మీద ఆ నీళ్లు అద్దితే, కరక్కాయ వగరు ఇనుముతో కలిసి నల్లగా తేలుతుంది. ఆటోనగర్ కాటాలో తూకం వేసే తుప్పూ, పెడన అచ్చుల్లో పూసే నల్ల తీగా ఒకే లోహపు బిడ్డలు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో చేతులూ తలలూ అతికే పనివాడికీ, బ్రేకు డ్రమ్ముకు కాలు అతికే కుర్రాడికీ ఎదురయ్యే చిక్కు ఒక్కటే: రెండు రకాల సామాను ఒక ఒంటిలా ఎలా నిలబడాలి?

అయితే ఆ కలంకారీ, ఆ కొండపల్లి బొమ్మ ఎక్కువగా కనబడేది ఎక్కడ? ఎంపోరియం అద్దాల్లో, విమానాశ్రయాల్లో, ఢిల్లీ మేళాల్లో. అక్కడ అమ్ముడుపోవాలి, తప్పదు, అది వాళ్ల బతుకు. కానీ ఆటోనగర్‌లో పనిచేసే మనిషి పెడన అచ్చును చేత్తో పట్టుకుని చూసే అవకాశం, పెడన రంగుల మనిషి ఆటోనగర్ పెయింటర్ కుంచె చూసే అవకాశం ఇక్కడే లేవు. మధ్యన ఉన్నది ఒక్క బందరు రోడ్డు.

విజయవాడలో బొమ్మలు పెట్టుకునే చోట్లు లేవని కాదు. బాపు మ్యూజియం ఉంది, కల్చరల్ సెంటర్ ఆఫ్ విజయవాడ అండ్ అమరావతి ఉంది, పిల్లల కోసం బాలోత్సవ్ భవన్ ఉంది. అక్కడ గోడలు దొరికిన ప్రతి చిత్రకారుడూ ఆ గోడలకు రుణపడతాడు. ఆ చోట్లను ప్రేమించే మనిషిగానే ఒక మాట అంటాను. మన ప్రదర్శనల్లో మొదటి రోజుకు ఉన్న నిండుదనం రెండో రోజుకు ఉండదు. మొదటి రోజు జ్యోతి వెలిగిస్తారు, ముఖ్య అతిథి మాట్లాడతారు, శాలువాలు, మెమెంటోలు, గ్రూపు ఫోటో. రెండో రోజు మధ్యాహ్నం హాల్లో చిత్రకారుడూ వాచ్‌మనూ మిగులుతారు. నాకు ఆ రెండో రోజంటేనే ఇష్టం. అప్పుడే ఎవరో దారినపోయేవాళ్లు ఎండ తప్పించుకోవడానికి లోపలికొస్తారు. సంచి కింద పెట్టి ఒక బొమ్మ ముందు నిలబడతారు. వాళ్లను ఎవరూ పిలవలేదు, వాళ్లు ఎవరి మొహమాటానికీ రాలేదు. వాళ్లు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే ప్రదర్శన జరిగినట్టు.

ఆ దారినపోయేవాళ్లు వస్తారులే అని కూర్చోకుండా, వాళ్లున్న చోటికే వెళ్లిన అనుభవం ఈ డెల్టాకు ఉంది. పుస్తకాల విషయంలో చేశాం. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ ఇదే ఊళ్లో జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు వైపు కాలువల్లో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య పడవలో ప్రయాణించేవాళ్లు చదువుకోవడానికి పుస్తకాలు పెట్టారు. చదివేవాడు భవనం దాకా రాలేకపోతే పుస్తకం నీళ్ల మీద అతని దగ్గరికి వెళ్లింది. ఆ బుద్ధి మనది. దాన్ని బొమ్మల దాకా పొడిగించడమే మిగిలింది.

బయట లోకంలో ఇలాంటివి ఎందరో చేసి చూపించారు. చికాగో నగరం దక్షిణ భాగంలో నల్లజాతి చిత్రకారులకు పెద్ద గ్యాలరీల తలుపులు తెరుచుకోని రోజుల్లో, పేటవాళ్లు వీధుల్లో నిలబడి చిల్లర నాణేలు పోగుచేశారు. ప్రభుత్వ కళా పథకం సాయమూ తోడై 1940లో సౌత్ సైడ్ కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్ మొదలైంది. 1941లో జరిగిన అధికారిక ప్రారంభానికి అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్వెల్ట్ వచ్చారు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. కొచ్చిలో 2012లో మొదలైన బినాలే, సుగంధద్రవ్యాల వ్యాపారం ఆగిపోయి ఖాళీ పడ్డ పాత గోదాముల్లో బొమ్మలు పెట్టింది. బెంగళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్తు రెండు దశాబ్దాలకు పైగా ఏటా ఒక రోజు కుమారకృపా రోడ్డును చిత్రసంతగా మారుస్తోంది. రోడ్డు పక్కన బొమ్మ, బొమ్మ పక్కన వేసిన మనిషి, ఎదురుగా బేరమాడే ఊరు. పెట్టుబడి, పాలరాయి, ఎయిర్ కండిషనర్ వీటిలో ఏదీ మొదట రాలేదు. మొదట వచ్చింది జనం నడిచే చోటును ఎంచుకోవడం.

దీనికి రెండు అభ్యంతరాలు వింటుంటాను. రెండూ కొట్టిపారేసేవి కావు. మొదటిది: ఊరివాళ్లు మెచ్చుకోవడానికే అలవాటుపడితే చిత్రకారుడు వాళ్లకు నచ్చేవే వేస్తాడు, ఎదగడు. నిజమే, ఆ ప్రమాదం ఉంది. పొగడ్త ఎక్కడైనా ప్రమాదమే. కానీ నేను అడుగుతున్నది పొగిడే ఊరిని కాదు, ప్రశ్నించే ఊరిని. వెనక కాలు ఖాళీగా ఉందన్న పెద్దాయన ఆ కుర్రాణ్ణి సంతోషపెట్టలేదు. కుర్రాడు మాత్రం ఆ మాటను సర్టిఫికెట్‌లా దాచుకున్నాడు. పరాయివాళ్ల పొగడ్త కన్నా తెలిసినవాడి తప్పుపట్టడం మేలని చేతిపని చేసే ప్రతివాడికీ తెలుసు.

రెండోది: తుక్కు శిల్పం ముందు జనం "ఎన్ని నట్లు పట్టాయి? ఎన్ని కిలోలు?" అనే అడుగుతారు, అది కళను చూడటం ఎలా అవుతుంది? నాకైతే ఆ ప్రశ్న మీద గౌరవముంది. శ్రమను లెక్కపెట్టడం తెలిసినవాడు వేసే తొలి ప్రశ్న అది. అతనికి కిలో తుక్కు ధర తెలుసు, ఒక నట్టు అతకడానికి పట్టే సమయం తెలుసు, అందుకే 75,000 అనగానే అతని కళ్లు పెద్దవవుతాయి. ఆ ఆశ్చర్యం గుమ్మం. గుమ్మం దగ్గరే నిలబెట్టి పంపేస్తే తప్పు మనది. పక్కనే నిలబడి "మొహంలో నవ్వు ఈ మూల నుంచి చూస్తే తెలుస్తుంది, ఇటు రండి" అని చెయ్యి చూపించే చిత్రకారుడు ఉంటే, లెక్క నుంచి రూపానికి ఎంతోసేపు పట్టదు.

అందుకే నా కోరిక చాలా స్పష్టంగా ఉంది. ఆటోనగర్‌లోనే, పనివాళ్లు నడిచే దారిలోనే, ఒక షెడ్డును ఏడాదికి ఒక్కసారైనా బొమ్మలకు ఇవ్వాలి. నాగార్జున విశ్వవిద్యాలయం విద్యార్థి వేసిన కాన్వాసు పక్కన లారీ పెయింటర్ వేసిన నుదుటి బోర్డు ఉండాలి. తుక్కు గిత్త పక్కన కొండపల్లి గిత్త ఉండాలి. పెడన బట్ట కింద, దాని నలుపు పుట్టిన తుప్పు ముక్కలు ఒక పళ్లెంలో పెట్టాలి. షట్టర్లు దించాక, చేతులు కడుక్కుని వచ్చేవాళ్ల కోసం రాత్రి పొద్దుపోయేదాకా తలుపులు తీసి ఉంచాలి. ఆడవాళ్లు, పిల్లలు ఆ పేటలోకి రావడానికి వెనకాడకుండా వెలుతురూ, మంచినీళ్లూ, కూర్చోడానికి బల్లలూ ఉండాలి. ప్రతి బొమ్మ కింద పేరుతో పాటు ఏ సామానుతో చేశారో, ఎన్నాళ్లు పట్టిందో, ధర ఎంతో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. ధర రాయడానికి మనవాళ్లు సిగ్గుపడతారు. సిగ్గుపడే పని కాదది. స్పేర్ పార్టుకు రేటు అడిగినంత మామూలుగా బొమ్మకు రేటు అడగగలిగిన రోజే బొమ్మ ఆ పేట సొంతమవుతుంది.

లారీ పెయింటర్ తన బోర్డు పక్కన తన పేరు చూసుకోవడం చిన్న విషయమేమీ కాదు. ఇన్నాళ్లూ అతని పనికి ఓనరు ఉన్నాడు, డ్రైవరు ఉన్నాడు, ఆర్టీవో ఉన్నాడు. చూపరి లేడు. చూపరి వచ్చిన రోజు అతని సున్నా ఇంకొంచెం శ్రద్ధగా తిరుగుతుంది. అతని పక్కన బోర్డు తగిలించిన విద్యార్థికి గీత వంకర పోకుండా చెయ్యి ఎలా పట్టుకోవాలో తెలుస్తుంది. అతనికీ విద్యార్థి కాన్వాసులో, నెమలి లేకుండా కూడా నీలం నిలబడగలదని తెలుస్తుంది. నేర్పడం రెండు వైపులా జరుగుతుంది. డబ్బు రాకపోయినా ఆ ఇచ్చిపుచ్చుకోవడం ప్రదర్శనకు వచ్చిన లాభమే.

ఇందులో చిత్రకారులు చేయవలసింది ఒకటే. బొమ్మ తగిలించి వెళ్లిపోకూడదు. చివరి మనిషి వెళ్లేదాకా దాని పక్కన నిలబడాలి, ఎవరు ఏం అడిగినా చెప్పాలి, తెలియనిది అడిగితే నేర్చుకోవాలి. చూడవలసిన మనం చేయవలసిందీ ఒకటే. మనవాడు కదా అని వెళ్లడం మానేసి, మనకు తెలిసిన వస్తువును ఎలా చేశాడో చూద్దామని వెళ్లాలి. బాగోని చోట బాగోలేదనాలి. బాగున్న చోట ఎందుకు బాగుందో అతని చెయ్యి పట్టుకుని చెప్పాలి. నచ్చితే డబ్బిచ్చి కొని మన ఇంటి గోడకు, మన షెడ్డు గోడకు తగిలించాలి. ఇంతమంది తెలిసిన కళ్లున్న ఊళ్లో పుట్టి, ఆ కళ్ల పరీక్ష రాయకుండానే మన చిత్రకారుడు వేరే ఊరికి బండెక్కితే నష్టపోయేది అతనొక్కడే కాదు. చూడటమనే విద్య మనకుండి కూడా వాడుకోని ఊరివాళ్లం, మనమూ నష్టపోతాం.